మందు సీసా, వార్తాపత్రిక: ఒక పాత పొత్తు

(గ్రంథాలయంలో జరిగిన సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను.

పేటెంటు మందుల గురించి మాట్లాడమన్నారు. మనందరికీ తెలిసినవే. డాక్టరు చీటీ అక్కర్లేదు, కొట్టుకెళ్ళి పేరు చెబితే ఇస్తారు. సీసా మీద ఒక బొమ్మ, ఒక సంతకం, కింద పది రోగాల పేర్లు. లోపల ఏముందో మాత్రం పాతకాలంలో చెప్పేవాళ్ళు కాదు. ఈ మందుల కథ చెబుతానని వచ్చాను కానీ, నేను చెప్పబోయేది సగం పత్రికల కథ. రెండిటినీ విడదీసి చెప్పడం కుదరదండీ. పత్రిక లేకపోతే ఆ మందు పక్క ఊరు కూడా దాటేది కాదు. మందువాడి డబ్బు లేకపోతే చాలా పత్రికలు మూతపడేవి. ఎవరి డబ్బుతో ఎవరు బతికారు, అలా బతికినందుకు ఏ సంగతి మాట్లాడకుండా ఊరుకున్నారు? నాకు కావలసింది ఆ లెక్క.

ఇంగ్లండులో మొదలుపెడదాం. 1712లో రిచర్డ్ స్టౌటన్ అనే ఆయన తన కషాయానికి రాణిగారి పేటెంటు తెచ్చుకున్నాడు. 1744లో రాబర్ట్ టర్లింగ్టన్ 'బాల్సమ్ ఆఫ్ లైఫ్' అనే మందుకి తెచ్చుకున్నాడు. వీళ్ళిద్దరూ నిజంగా పేటెంటు ఉన్నవాళ్ళు. ఆ తరవాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అసలు పేటెంటు జోలికే పోలేదు. ఎందుకని? పేటెంటు కావాలంటే అందులో ఏమేం వేశారో రాసివ్వాలి. గడువు తీరాక ఎవడైనా చేసుకోవచ్చు. రహస్యం బయటపెట్టాక ఇంక అమ్ముకోవడానికి ఏం మిగుల్తుంది? అందుకని రహస్యాన్ని దాచుకుని పేరునీ, బొమ్మనీ, సీసా ఆకారాన్నీ కాపాడుకున్నారు. టర్లింగ్టన్ అయితే నకిలీలకి భయపడి 1754లో సీసా ఆకారమే మార్చేశాడు. 'నకిలీలను చూచి మోసపోకుడు' అని మన పాత పత్రికల్లో చదివారు కదా, ఆ భయం అంత పాతది.

అదే కాలంలో లండన్‌లో జాన్ న్యూబరీ అని ఒక పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. పిల్లల పుస్తకాలకి ఇంగ్లీషులో ఆయనే ఆద్యుడంటారు. ఆయన కొట్లో పుస్తకాలతో పాటు డాక్టర్ జేమ్స్ జ్వరం పొడి కూడా దొరికేది. 1765లో ఆయన వేసిన ఒక పిల్లల కథలో కథానాయిక తండ్రి జ్వరంతో చచ్చిపోతాడు. ఎలాంటి చోట? డాక్టర్ జేమ్స్ పొడి దొరకని చోట! ఇవాళ సినిమాలో హీరో ఏ ఫోను పట్టుకున్నాడో చూసి ఇది ప్రకటన కదా అనుకుంటాం. పిల్లల కథలోకి మందు ప్రకటన దూరి రెండున్నర శతాబ్దాలు దాటింది. ఆ పొడిలో ఉన్నది యాంటిమొనీ, అంటే విషపు లోహం. ఆ ప్రచురణకర్త దగ్గరే రాసుకుని బతికిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1774లో జ్వరం వస్తే వైద్యుడు వద్దంటున్నా వినకుండా ఆ పొడే వేసుకున్నాడు. కొద్ది రోజులకే పోయాడు.

అప్పటికింకా ఇది చిన్న వ్యాపారమే. పెద్దది చేసినవాడు థామస్ హాలోవే. 1837లో ఒక లేపనంతో మొదలుపెట్టాడు, తరవాత మాత్రలు. మందు సరిగ్గా అమ్ముడుపోకముందే ప్రకటనలు కుమ్మరించాడు. ఆ బాకీలు తీర్చలేక జైలుకి కూడా వెళ్ళాడు. వ్యాపారంలో నష్టం వచ్చి జైలుకెళ్ళినవాళ్ళని చూశాం. ప్రకటనల బిల్లు కట్టలేక జైలుకెళ్ళడం చూశామా? బయటికొచ్చి బుద్ధి తెచ్చుకున్నాడా అంటే, ఇంకా ఎక్కువ ప్రకటనలు వేశాడు. 1842లో ఏడాదికి ప్రకటనల ఖర్చు 5,000 పౌండ్లు. ఆయన పోయిన 1883 నాటికి ఏడాదికి 50,000 పౌండ్లు. ఆ డబ్బుతో ఆడపిల్లలకి ఒక కాలేజీ కట్టించాడు, విక్టోరియా రాణి వచ్చి తెరిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన మద్రాసు దగ్గరికి వచ్చాక మళ్ళీ పనికొస్తుంది.

బీచమ్ మాత్రలు ఇంకో పెద్ద పేరు. 'పెట్టె ఒక గినీ విలువ చేస్తుంది' అన్నది వాళ్ళ ప్రకటన. గినీ అంటే 21 షిల్లింగులు. అమ్మింది ఒక షిల్లింగు మీద ఒకటిన్నర పెన్నీలకి. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. ఎంత ఉదారమో చూడండి! 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి మందులన్నీ కొనుక్కొచ్చి, పరీక్ష చేయించి, దేంట్లో ఏముందో పుస్తకంగా అచ్చేసింది. బీచమ్ మాత్రలో తేలింది ముసాంబరం, శొంఠి, సబ్బు. అంతే. ముసాంబరం తింటే ఏమవుతుందో ఈ సభలో పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. విరేచనం అవుతుంది. పెట్టెలో 56 మాత్రలు, వాటికి పడ్డ సరుకు ఖర్చు అర ఫార్దింగు. ఫార్దింగంటే పెన్నీలో నాలుగో వంతు, అందులో సగం. లెక్క కడితే అమ్మిన ధరలో నూరో వంతు కూడా కాదు. మిగతాదంతా ఎక్కడికి పోయింది? కొంత కొట్టువాడికి, కొంత కంపెనీకి, బోలెడంత పత్రికలకి. ఇంకో వాటాదారు కూడా ఉన్నాడు. ధరలో ఆ ఒకటిన్నర పెన్నీ ఉంది చూశారూ, అది సర్కారు పన్ను. పెట్టె మీద పన్ను కట్టినట్టు ముద్ర అంటించేవాళ్ళు. కొనేవాడేమో సర్కారే ఈ మందు మంచిదని ముద్ర వేసిందనుకునేవాడు.

ఆ పరీక్షల పుస్తకానికి ప్రకటన ఇస్తామని వెళ్తే చాలా పత్రికలు మేం వెయ్యం అన్నాయి. డబ్బులిస్తామన్నా వద్దన్నాయి. ఎందుకో మీరే ఊహించుకోండి. తరవాత పార్లమెంటు కమిటీ కూర్చుని రెండేళ్ళు విచారించి పెద్ద నివేదిక రాసింది. అది బయటికొచ్చింది 1914 ఆగస్టు 4న. బ్రిటన్ యుద్ధం ప్రకటించింది కూడా ఆ రోజే. ఇంక ఎవరు చదువుతారు?

ఇప్పుడు అమెరికా వెళ్దాం. అక్కడ ఒకావిడ గురించి కొంచెం నిదానంగా చెబుతాను. లిడియా పింకమ్. మాసచుసెట్స్ రాష్ట్రంలో లిన్ అనే ఊరు. ఆడవాళ్ళ నెలసరి బాధలకి ఇంట్లో పొయ్యి మీద వేళ్ళూ మూలికలూ మరిగించి ఇరుగుపొరుగు వాళ్ళకి ఊరికే ఇచ్చేది. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చి భర్త దివాలా తీశాడు. 1875 నుంచి ఆ మందు అమ్మడం మొదలుపెట్టారు. కొడుకులు కరపత్రాలు పంచారు. తరవాత అప్పట్లో చాలా అరుదైన పని చేశారు, అమ్మ ఫొటోనే ప్రకటనలో వేశారు. తెల్లటి జుట్టు, మెడ దగ్గర లేసు, నెమ్మదైన మొహం. పత్రికాఫీసుల్లో ఆ ఫొటో అచ్చేసే బ్లాకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అమెరికాలో అందరికీ తెలిసిన ఆడమనిషి మొహం అదేనని అప్పట్లో చెప్పుకునేవాళ్ళు.

మందులో మూలికలతో పాటు ఆల్కహాలు ఉంది, నూటికి 18 పాళ్ళ దాకా. ఆవిడేమో మద్యనిషేధం పక్షం! మూలికలు చెడిపోకుండా వేశామన్నారు. నవ్వొస్తుంది. అయితే ఆవిణ్ణి నేను పూర్తిగా తీసిపారెయ్యను. ఆ రోజుల్లో మగ డాక్టరు దగ్గరికి వెళ్ళి నెలసరి గురించి చెప్పుకోవడం ఆడవాళ్ళకి చచ్చేంత సిగ్గు. చెప్పుకున్నా ఆ డాక్టరు చేసే ఆపరేషన్‌లో ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. ఈవిడ ప్రకటనలో 'మీ బాధ నాకు రాయండి, మీ ఉత్తరం మగవాళ్ళెవరూ చూడరు' అనే ధోరణిలో చెప్పింది. వాళ్ళు రాశారు. జవాబులు కూడా వచ్చాయి. శుభ్రంగా ఉండమని, మంచి తిండి తినమని, కాస్త నడవమని. ఆ సలహాలో తప్పేముంది? సీసా కొనుక్కోమని చివర ఎలాగూ ఉంటుంది, అది వేరే సంగతి.

ఆవిడ 1883లో పోయింది. ప్రకటనలు ఆగాయా? ఆగలేదు. 'మిసెస్ పింకమ్‌కి రాయండి' అంటూనే ఉన్నారు. ఉత్తరాలొస్తూనే ఉన్నాయి, జవాబులు వెళ్తూనే ఉన్నాయి. 1905లో 'లేడీస్ హోమ్ జర్నల్' సంపాదకుడు ఎడ్వర్డ్ బోక్ ఏం చేశాడో తెలుసా? లిన్ శ్మశానంలో ఆవిడ సమాధి రాయిని ఫొటో తీయించి పత్రికలో వేశాడు, పోయిన తేదీతో సహా. కంపెనీ ఏమందంటే, మేమన్నది కోడలు మిసెస్ పింకమ్ గురించి అని! బోక్ అంత ధైర్యంగా ఎలా వేయగలిగాడు? ఆ పత్రిక 1892లోనే పేటెంటు మందుల ప్రకటనలు మానేసింది. పోగొట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు. మిగతా పత్రికలకి ఆ వెసులుబాటు లేదు.

ఎందుకు లేదో చెబుతాను. ఈ ప్రసంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఇది. ఫ్రాంక్ చెనీ అని ఒక మందుల వ్యాపారి, పడిశానికి మందు అమ్మేవాడు. పత్రికలతో ఏడాది ప్రకటనల ఒప్పందం రాసుకునేటప్పుడు అందులో ఒక షరతు ఎర్ర సిరాతో అచ్చేయించేవాడు. మీ రాష్ట్రంలో పేటెంటు మందులకి వ్యతిరేకంగా ఏదైనా చట్టం వస్తే ఈ ఒప్పందం రద్దయిపోతుంది. అంతే. దాని అర్థమేమిటి? నా గురించి మంచి రాయమని అడగలేదు. అబద్ధం రాయమనీ అడగలేదు. మీ శాసనసభలో బిల్లు వస్తే దాన్ని ఆపించడం మీ పనే అని సంపాదకుడికి అర్థమైతే చాలు. తన మందుల వ్యాపారుల సంఘం సమావేశంలో ఈ ఉపాయం గొప్పగా చెప్పుకున్నాడు కూడా, మీరూ ఇలాగే చెయ్యండి అని. మాసచుసెట్స్ శాసనసభలో మందుల బిల్లు మీద చర్చ జరిగితే ఆ రాష్ట్రంలో పత్రికలు దాదాపు ఏవీ ఒక్క ముక్క రాయలేదు. ఊళ్ళో ఇంత చర్చ జరుగుతుంటే పేపర్లో లేదంటే, జనం దృష్టిలో జరగనట్టే కదా?

1905లో 'కోలియర్స్' వారపత్రిక ఈ షరతుని బయటపెట్టింది. అదే పత్రికలో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ ఒక్కో మందు పేరూ చెప్పి, పరీక్షలు చేయించి, వ్యాసాలు రాశాడు. పళ్ళొచ్చే పసిపిల్లలు ఏడుపు మానడానికి ఇచ్చే 'మిసెస్ విన్‌స్లో' సిరప్‌లో మార్ఫిన్ ఉంది. పసిపిల్లలకి మార్ఫిన్ అండీ! ఏడుపు మానకేం చేస్తారు? కొందరు మళ్ళీ నిద్ర లేవలేదు. పెరూనా అని ఇంకో మందులో నూటికి 28 పాళ్ళు ఆల్కహాలు. దాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రాలు ఇచ్చినవాళ్ళలో అమెరికన్ పార్లమెంటు సభ్యులున్నారు.

1906 జూన్ 30న చట్టం వచ్చింది. నిషేధించలేదు, గమనించండి. ఆల్కహాలు, నల్లమందు, మార్ఫిన్, కొకైన్ లాంటివి ఉంటే లేబిల్ మీద రాయమంది, అంతే. ఆ ఒక్కదానికే చాలా మందులు తమ తయారీ మార్చుకున్నాయి. లేబిల్ మీద మార్ఫిన్ అని చదివి ఏ తల్లి బిడ్డకి తాగిస్తుంది చెప్పండి. కానీ 1911లో సుప్రీంకోర్టు, క్యాన్సరు నయం చేస్తానన్న ఒక మందు కేసులో, ఈ చట్టం సరుకు గురించి చెప్పే అబద్ధాలకే గానీ రోగం నయమవుతుందని చెప్పే అబద్ధాలకి వర్తించదంది. మరుసటి ఏడు సవరణ తెచ్చారు. 'పాము నూనె' అని మందు అమ్మిన క్లార్క్ స్టాన్లీ కథ మీకు తెలిసే ఉంటుంది. ఆయన సీసాలో పాము లేదని తేలింది, 20 డాలర్ల జరిమానా వేశారు. దాని మీద ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే.

సరే, ఇంటికొద్దాం. మంచినీళ్ళు తాగుతాను ఒక్క నిమిషం.

మన దేశంలో ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది పోస్టాఫీసు. వి.పి.పి., అంటే వాల్యూ పేయబుల్ పోస్టు, 1877లో మొదలైంది. ముందు డబ్బు పంపక్కర్లేదు, పోస్టుమాను పార్శిలు తెస్తాడు, డబ్బు కట్టి తీసుకోవడం. మద్రాసులో చేసిన మందు శ్రీకాకుళం దగ్గర పల్లెకి వచ్చేది అలాగే. జామ్‌నగర్ నుంచి ఆతంక నిగ్రహ మాత్రలు దేశమంతా తిరిగాయి అలాగే. ఇంకో సంగతి, పార్శిలు మూసి ఉంటుంది. సుఖవ్యాధి మందో, ధాతుపుష్టి లేహ్యమో ఊళ్ళో కొట్టుకెళ్ళి అడగలేనివాడికి పోస్టు ఒక చాటు. పాత తెలుగు పత్రిక ఏదైనా తీసి వెనక పేజీలు చూడండి. వేలు చూపిస్తున్న చెయ్యి బొమ్మ, పెద్దక్షరాలతో 'ఉచితము!', కింద 'వి.పి. ఛార్జీలు ప్రత్యేకము', 'ఏజెంట్లు కావలెను', 'యోగ్యతాపత్రములు వేలకొలది గలవు'. లోపల సంపాదకీయం గ్రాంథికమా వ్యావహారికమా అని కొట్టుకుంటుంటే, వెనక పేజీలో మందువాడికి ఆ గొడవే లేదు. జనానికి ఏది తగుల్తుందో అది రాసేవాడు.

1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మొదలుపెట్టారు. కృష్ణా జిల్లా ఎలకుర్రు ఆయన ఊరు. ఆ పచ్చటి లేపనాన్ని ఎలా అలవాటు చేశారో తెలుసా? సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారు. కచేరీ మూడు నాలుగు గంటలు సాగుతుంది, హాలు కిక్కిరిసి ఉంటుంది, ఉక్కపోత, తలనొప్పి రాక ఏమవుతుంది? రాగం తానం పల్లవి మధ్యలో ఒకరు నుదుటికి రాసుకుంటే ఆ ఘాటు నాలుగు వరసలకి వెళ్తుంది. వాసనే ప్రకటన. అంత తెలివైన ఎత్తు హాలోవేకి కూడా తట్టలేదని నా అభిప్రాయం.

ఆ లాభాలతో 1908లో బొంబాయిలోనే 'ఆంధ్రపత్రిక' వారపత్రిక పెట్టారు. 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో 'భారతి'. తెలుగులో సాహిత్యం, పరిశోధన అంటే 'భారతి' పేరు చెప్పకుండా కుదరదు. మరి ఇక్కడ నా లెక్క ఏమవుతుంది? అమెరికాలో మందువాడు పత్రిక నోరు కొన్నాడు. ఇక్కడ మందువాడే పత్రిక పెట్టాడు, అదీ పరాయి ప్రభుత్వాన్ని ఎదిరించే పత్రిక. ప్రకటనల కోసం ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేని పత్రిక. మీలో ఎవరైనా నన్ను అడగొచ్చు, అమృతాంజనం మీద విమర్శ వస్తే ఆ పత్రికలో అచ్చయ్యేదా అని. అడగండి, అడగడంలో తప్పులేదు, అంత పెద్దాయన విషయంలోనైనా. నా జవాబు ఇదీ. ఆ మందు చెప్పుకున్నది తలనొప్పి, ఒళ్ళునొప్పులు, పడిశం. అందులో ఉన్నది కర్పూరం, పిప్పరమెంటు పువ్వు లాంటివి. చెప్పినదానికీ ఉన్నదానికీ పెద్ద తేడా లేదు. క్షయ నయం చేస్తానని చెప్పి ఉంటే అప్పుడు ఆ ప్రశ్నకి బరువు వచ్చేది.

హైదరాబాదులో జిందా తిలిస్మాత్ సంగతీ ఇంచుమించు ఇదే, 1920 నుంచీ. నీలగిరి తైలం ఘాటు. రాసుకో, పీల్చు, రెండు చుక్కలు నీళ్ళలో వేసుకుని తాగు. డబ్బా మీద నల్లజాతి సిద్దీ మనిషి బొమ్మ. నిజాం సైన్యంలో ఉన్న ఆఫ్రికన్ జవాన్లని చూసిన ఊళ్ళో ఆ బొమ్మకి వేరే వివరణ అక్కర్లేదు, బలం అని అర్థమైపోతుంది.

పింకమ్‌కి అసలైన తెలుగు జోడీ మాత్రం కె.ఎన్. కేసరిగారు. ఒంగోలు ప్రాంతం నుంచి మద్రాసు చేరి కేసరి కుటీరం పెట్టారు. ఆయన మందు 'లోధ్ర', ఆడవాళ్ళ గర్భాశయ బాధలకి. మన లొద్దుగ చెట్టు బెరడు ఆయుర్వేదంలో వాడేది దానికే. 1928లో 'గృహలక్ష్మి' అని ఆడవాళ్ళ మాసపత్రిక పెట్టారు. చూశారా పోలిక? ఆడవాళ్ళ మందు, ఆడవాళ్ళ పత్రిక. లిన్‌లో ఉత్తరాలు రాయించుకున్నారు, మద్రాసులో కథలూ వ్యాసాలూ రాయించుకున్నారు. రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చారు, మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మగారికి. ఆ పత్రిక లేకపోతే అచ్చులో పేరు చూసుకోని ఆడవాళ్ళు ఎంతమంది ఉండేవారో! వ్యాపారం కోసమే పెట్టారా, సేవ కోసమే పెట్టారా అని నన్నడిగితే, రెండూ. ఒకటే అని చెప్పేవాళ్ళని నేను నమ్మను. హాలోవే కాలేజీని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. అతని మాత్రలకన్నా కాలేజీ ఎక్కువకాలం నిలిచింది.

చట్టాల సంగతి రెండు ముక్కల్లో. రామ్‌నాథ్ చోప్రా కమిటీ 1931లో నివేదిక ఇచ్చింది, 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. ప్రకటనల మీద వచ్చింది 1954 చట్టం, మందులతో పాటు తాయెత్తులూ మంత్రాలూ కూడా అందులో ఉన్నాయి. క్యాన్సరు, చక్కెరజబ్బు, మూర్ఛ, పక్షవాతం, ఆఖరికి పొడుగు పెంచడం, వీటికి మందు ఉందని ప్రకటించకూడదు. ఆడవాళ్ళ నెలసరి దోషాలు పోగొడతామనీ ప్రకటించకూడదు. మొదటిసారి తప్పుకి ఆర్నెల్ల దాకా జైలు. ఒక పెద్ద యునానీ సంస్థ సుప్రీంకోర్టుకెళ్ళి ప్రకటన మా వాక్‌స్వాతంత్ర్యం అంది. 1959లో కోర్టు, ఇలాంటి వ్యాపార ప్రకటనకి ఆ రక్షణ లేదంది. అయితే చట్టంలో కొన్ని భాగాలు కొట్టేసింది. అంత గట్టి చట్టం ఉండగా రైలు పట్టాల పక్క గోడల మీద ఆ రాతలేమిటని అడక్కండి. అమలు చేసేవాడు కూడా ఆ రైల్లోనే వెళ్తాడు.

2024లో ఏం జరిగిందో మీరందరూ టీవీలో చూశారు. ఒక పెద్ద ఆయుర్వేద కంపెనీ, పేరు నేను చెప్పక్కర్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలు ఆపమని సుప్రీంకోర్టు చెబితే ఆపలేదు. చివరికి దేశంలో 67 పత్రికల్లో క్షమాపణ వేయించింది. ఆ బెంచిలో ఒకరు, ఇంతకుముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ. బెంచి అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. మీ ప్రకటనలు వేసిన సైజులోనే క్షమాపణ వేశారా? మర్నాడు ఇంకా పెద్దది వేయించారు. మరి పత్రికల సంగతి? తప్పుడు ప్రకటనకి డబ్బు తీసుకున్నాయి, క్షమాపణకీ తీసుకున్నాయి. చెనీ చూసి ఉంటే చాలా సంతోషించేవాడు.

టైము అయిపోయిందని లైబ్రేరియన్‌గారు సైగ చేస్తున్నారు. ఆయనకే ఒక విన్నపం, మీ అందరి ముందూ. పాత పత్రికలు బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల కాగితాలూ చింపేసి, 'అసలు విషయం' మాత్రం కుట్టిస్తారు. ఏ లైబ్రరీలోనైనా అంతే. నేనిప్పుడు చెప్పినవన్నీ ఉన్నవి ఆ చింపేసిన కాగితాల్లోనే. ఇంకా బైండు కాని కట్టలు పైన అటకమీద ఉన్నాయని విన్నాను. వాటినైనా అట్టలతో సహా కుట్టించండి. మీ ఇళ్ళల్లో 'గృహలక్ష్మి', 'భారతి' విడి ప్రతులుంటే తెచ్చి చూపించండి, వెనక పేజీలు ఫొటోలు తీసుకుని ఇచ్చేస్తాను.